గాజుల చేత్తో చేసిన పరీక్ష

మా ఆయన కొండ మీద బడిపంతులు. మాది సాలూరే అయినా ఆ ఉద్యోగం కోసం పెదబయలు దాపున కాపురం ఉండేవాళ్లం. ఆయన గుమ్మాలకు భుజాలు కొట్టుకుంటుంటే పరధ్యానమని తిట్టేదాన్ని. పక్క వరసల్లో పిల్లలు కనబడడం లేదని తేలాకగానీ చెన్నపట్నం బయలుదేరలేదు. అక్కడ పెద్ద డాక్టరు ఫొటో తీయించి, కళ్ల వెనక, మెదడు కింద గడ్డ ఉందన్నాడు. అది ఒంట్లోకి ఏ రసమూ వదలదట, ఊరికే పెరిగి చూపు నరాలను నొక్కుతుందట. కత్తి పెడితే ప్రాణానికి ముప్పని, గడ్డను అణచడానికి కణతల మీద ఎక్స్‌రే కిరణాలు పెట్టారు.

"పక్క చూపు రోజూ పరీక్షించి రెండు నెలలకు ఉత్తరం రాయమ్మా. మెరుగుపడకపోతే మళ్లీ కిరణాలు పెడదాం" అన్నాడు డాక్టరు.

పొద్దున్నే ఆయన నా ముక్కు వైపు చూస్తూ అరుగు మీద కూర్చునేవారు. నేను పక్కనుంచి వేళ్లు ఆడిస్తూ తెచ్చేదాన్ని, కనబడగానే ఆయన చెప్పాలి. మొదట్లో ఏమీ లేదు. నెల తిరిగేసరికి "ఆ, కదుల్తంది" అనడం మొదలెట్టారు. నా సంబరం ఇంతా అంతా కాదు. చూపు వస్తోందని రాసేశాను. అయితే ఇప్పుడు రానక్కర్లేదని జవాబొచ్చింది.

ఒకనాడు విస్తళ్లకు అడ్డాకులు అమ్మే కొండామె ఆయన పక్కన చాలాసేపు నిలబడి, విసుగెత్తి నన్ను పిలిచింది. "ఏటమ్మా, పంతులికి నాను అగుపడ్డం లేదా?"

నా చూపు చేతి గాజుల మీద పడింది. ముత్తైదువను, గాజులు తియ్యకూడదు. వాటి మీద గుడ్డ చుట్టి మళ్లీ పరీక్షించాను. చెయ్యి చెంప దాకా తెచ్చినా ఆయన పలకలేదు.

"ఇన్నాళ్లూ గాజులు ఇనిపించేవే. నువ్వు సంబరపడతన్నావని..." అంటూ నసిగారు.

"నా సంబరం కోసం కళ్లు పోగొట్టుకుంటారేటండీ!" అని అరిచాను. ఆయన మీద ఎంత కోపమో, ఆ చప్పుడు సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదని నా మీద అంతకు రెట్టింపు.

మళ్లీ చెన్నపట్నం, మళ్లీ కిరణాలు. ఏడాది తిరిగాక చూసి, చూపు అంతకంటే తగ్గలేదు గనుక గడ్డ ఆగినట్టేనన్నాడు డాక్టరు. పోయింది మాత్రం రాదట, ఉన్నది నిలబడితే అదే గెలుపట. అదేం గెలుపో! తిరుగు రైల్లో మా ఆయన "ఆగింది కదే" అని మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత కూడా డాక్టరుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఒక్కసారైనా "మెరుగు" అని రాయాలని ఎంత ఉండేదో. కలం పట్టుకుని కాసేపు కూర్చుని, "అలాగే ఉంది" అని రాసి అంటించేసేదాన్ని.