వియన్నా హోటల్లో పొందూరు పంచె

పరువు పోగొట్టుకోవాలంటే ఎవరికైనా సొంత ఊరు సరిపోతుంది. చూసేవాళ్ళూ నవ్వేవాళ్ళూ అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి పని తొందరగా అవుతుంది. నేను మాత్రం ఆ ఒక్క పనికోసం పాస్‌పోర్టు చేయించుకుని, వీసా వేయించుకుని, రెండు విమానాలు మారి వియన్నా దాకా వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి ఊరికే రాలేదు. ఆ నగరంలో పెద్దమనుషులు విడిది చేసే హోటల్లో, వేదిక ఎక్కి మరీ పోగొట్టుకుని వచ్చాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నరసన్నపేటలో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు వచ్చినవాడికి లోకంలో రాని పని ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, అప్పటిదాకా నేను శ్రీకాకుళం బస్టాండు పక్క లాడ్జి తప్ప ఇంకో హోటలు గది చూసి ఎరగకపోయినా, పెద్ద హోటళ్ళ పద్ధతులన్నీ నాకు తెలుసని అనుకునేవాణ్ణి.

మా మేనత్త అప్పలనరసమ్మది పొందూరు. పెళ్ళయి వెళ్ళిన ఏడు రాట్నం ముందు కూర్చుంది, మళ్ళీ లేవలేదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ పళ్ళకు చిక్కిన మెత్తని దూదితో వడికిన సన్ననూలు ఆవిడది. ఊళ్ళో చాలామంది వడుకుతారు గాని, మా అత్త నూలు తెలిసినవాళ్ళు చేత్తో పట్టి చెప్పేస్తారు. వియన్నాలో ఒక వస్త్రాల మ్యూజియం వాళ్ళు చేనేతల ప్రదర్శన పెడుతూ, వడికి చూపించమని ఆవిడను పిలిచారు. మాట చెప్పడానికి తోడుగా నన్ను పంపారు.

ఆ ప్రయాణానికి అత్త ఒక పంచె సిద్ధం చేసింది. ఎనిమిది నెలలు కూర్చుని వడికిన నూలు. అప్పటికే ఆవిడ కళ్ళలో శుక్లాలు ముదిరాయి. "ఇంత సన్నం ఇంక నా సేత అవదురా, సిమ్మాచలం. ఇదే ఆకరు," అంది నా చేతిలో పెడుతూ. తెల్లటి పంచె, అంచు కూడా తెలుపే. ఆవిడకు రంగులంటే చిరాకు. మూడో రోజు సాయంత్రం హోటల్లోనే విందు. అక్కడ ఆ పంచె కట్టుకుని నేను వేదిక మీద నిలబడాలి, అత్త దాని కథ చెప్పాలి, నేను ఇంగ్లీషులో అనాలి. ఆ తర్వాత అది మ్యూజియంలో ఉండిపోతుంది. అత్తకు విమానం వద్దు, వియన్నా వద్దు. ఆ పంచె పదిమంది ముందు నిండుగా నిలబడాలి, అంతే.

ఆ హోటలు సంగతి ఏం చెప్పను! పూర్వం ఎవరో రాజబంధువుల మేడట. తలుపు తీయడానికి ఒకాయన, తీసిన తలుపు వేయడానికి ఇంకొకాయన. గదిలో మంచం మీద ఏడు తలగడలు. నేను అన్నీ రోజూ చూసేవాడిలా మొహం పెట్టుకుని తిరిగాను. అత్త అలా కాదు. ఆవిడకొక అలవాటుంది. గుడ్డ కనిపిస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడాలి. బస్సులో పక్కన కూర్చున్నావిడ పమిట కూడా వదలదు. కిటికీ తెర నలిపింది.

"మిల్లు," అంది.

దుప్పటి నలిపింది. "మిల్లే."

మమ్మల్ని పలకరించడానికి వచ్చిన మేనేజరు గారి కోటు చెయ్యి కూడా నలిపింది. ఆయన అది మన దేశపు నమస్కారం అనుకుని వంగి తన వంతుగా అత్త చీర చెంగు పట్టుకున్నాడు.

"ఏటంతన్నాడ్రా?"

"బాగున్నారా అని అడుగుతన్నాడత్తా."

"ఈ కోటు మిల్లుదని సెప్పు."

చెప్పలేదు లెండి.

మూడో రోజు పొద్దున పెట్టె తెరిస్తే పంచె నలిగి, నీరసించి, జ్వరం పడి లేచినవాడిలా ఉంది. సన్న ఖద్దరుకు గంజి లేకపోతే నిలబడదు. అత్త కంగారు పడలేదు. సంచిలోంచి బియ్యం మూట తీసింది.

"ఒరే, ఆ టీ కాసుకున్న కుండ ఉన్నాది కదా. గుప్పెడు బియ్యం ఏసి ఉడకెట్టు. గంజి వార్చి పంచెకి పెట్టి ఆ కిటికీ మీద ఆరేస్తాను. పదకొండు గంటలకల్లా ఫెళఫెళలాడతాది."

"అత్తా! ఇది ఫైవ్‌స్టార్ హోటలు! కెటిలులో గంజి కాస్తే ఏటనుకుంతారు?"

"గంజి అనుకుంతారు."

"కిటికీ మీద పంచె ఆరేస్తే?"

"పంచె అనుకుంతారు. మన బట్ట మన సేత్తో ఉతుక్కోడానికి సిగ్గేటిరా నీకు?"

"సిగ్గు కాదత్తా, పద్ధతి. ఈల్లకి లాండ్రీ అని ఉంతాది. కాయితం మీద టిక్కు పెడితే ఇస్త్రీ చేసి పట్టుకొచ్చేస్తారు. నాకు తెలుసు కదా, నువ్వుండు."

'నాకు తెలుసు కదా' అన్న ఆ మూడు మాటలూ ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా అంటే మా ఆవిడ తలుపు వేసుకుని నవ్వుతుంది.

ఆ కాగితం తీశాను. చొక్కా, ప్యాంటు, కోటు, టై, గౌను, మేజోళ్ళు అన్నీ ఉన్నాయి, పంచె లేదు. ఎందుకుంటుంది? లంగా అన్న చోట టిక్కు పెడదామంటే పౌరుషం అడ్డొచ్చింది. మెడగుడ్డ అందామంటే ఎనిమిది మూరల మెడ ఎవరికుంటుంది? ఆ హోటల్లో నెలల తరబడి కాపురముండే శ్రీమంతులు కూడా ఉంటారట. వాళ్ళ కోసం కాబోలు, కింద ఇంటి గుడ్డలు కూడా వేశారు. అక్కడ కనిపించింది: 'టేబుల్ క్లాతు, పెద్దది'. తెలుపు, పొడుగు, నాలుగు పలకలు. ఇంకేం కావాలి? టిక్కు పెట్టాను. పక్కనే 'గంజి: ఎక్కువ' అని ఉంటే అక్కడ రెండు టిక్కులు పెట్టాను. ఆ రాత చూసి వాళ్ళు దాన్ని నిజంగానే బల్లగుడ్డ అనుకుంటారన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నా ధ్యాసంతా ఆ రెండు టిక్కుల మీదే.

సాయంత్రం మ్యూజియం నుంచి హెల్గా గారు వచ్చింది. ఈ పిలుపంతా ఆవిడ చలవే. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. రాట్నం సర్దాలని అత్తను ముందే భోజనశాలకు తీసుకెళ్ళింది. నేను గదిలో ఒక్కణ్ణీ. అప్పుడొచ్చింది లాండ్రీ డబ్బా, రిబ్బను కట్టి, మల్లెపువ్వులాంటి కాగితంలో చుట్టి.

విప్పాను. బరువుగా ఉంది. రెండు టిక్కుల గంజి కదా అనుకున్నాను. చుట్టుకుంటే పొడుగు తగ్గింది, వెడల్పు మాత్రం చంకల దాకా వచ్చింది. ఈ దేశపు నీళ్ళకి గుడ్డ అడ్డంగా సాగుతుంది కాబోలు అనుకున్నాను. కుచ్చిళ్ళు పోస్తుంటే అట్టముక్కల్లా తిరగబడుతున్నాయి. సరిగ్గా నడుము వెనక తెలుపు మీద తెలుపుగా ఒక కిరీటం నేసి ఉంది. దాన్ని ఇస్త్రీపెట్టె గుర్తు అనుకున్నాను. నవ్వకండి. మనిషి అన్నిటికీ కారణాలు వెతుక్కోవడం మొదలుపెడితే ఎంత దూరమైనా వెళ్ళగలడు. మధ్యకు మడిచి, బెల్టు బిగించి, బీరువాను జరుపుకుంటూ వెళ్తున్నట్టు మెట్లు దిగాను.

భోజనశాల నిండా జనం. దీపాలు, గుసగుసలు, చెంచాల చప్పుడు. వేదిక పక్కనే పొడుగాటి బల్ల దగ్గర పెద్దలు, వాళ్ళ మధ్య అత్త. గుమ్మడికాయ సూపు వడ్డిస్తున్నారు. నేను తిన్నగా వేదిక ఎక్కాను. హెల్గా మైకు ముందుకు వచ్చింది.

"మీరు చూస్తున్నది గాలిలాంటి వస్త్రం," అంది.

నేను కదిలాను. గాలిలాంటి వస్త్రం తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు చేసింది.

ముందు వరసలో ఒక ముసలాయన లేచి వచ్చి, అనుమతి అడిగి, నా కుచ్చిళ్ళ కొస పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "చాలా... దృఢంగా ఉంది," అన్నాడు మర్యాదగా.

అప్పుడు వినిపించింది.

"ఒరే సిమ్మాచలం."

"ఇప్పుడు కాదత్తా."

"ఇలా రారా."

"మాటాడుతన్నారత్తా!"

అత్త గొంతు పెంచలేదు. ఆవిడ చెయ్యి బల్ల మీదే ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బల్లగుడ్డ అంచు. అలవాటు కొద్దీ నలిపి ఉంటుంది. కాని ఈసారి 'మిల్లు' అనలేదు.

"ఇది నా నూలురా," అంది. "నాను వడికిన పంచె మీద ఈల్లు సూపు తాగుతన్నార్రా."

నా కుచ్చిళ్ళు నేనే తడిమి చూసుకున్నాను. "మరి నాను కట్టుకున్నదేటి?"

"అదేటో నీకే తెలవాల. మిల్లుదైతే అవును."

హెల్గా నా వైపు తిరిగింది. "ఏమంటున్నారు ఆవిడ?"

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. సభంతా ఎదురుచూస్తుంటే, నేను గొంతు సవరించుకుని, చక్కని ఇంగ్లీషులో, "సూపు చాలా బాగుందంటున్నారు," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే అత్త పక్కనున్న దొరగారి చెంచాలోంచి పచ్చటి చుక్క ఒకటి జారి గుడ్డ మీద పడింది. అత్త గబుక్కున దాని మీద అరచెయ్యి పెట్టేసింది. మరకను తుడవడానికి కాదు, నలుగురూ చూడకుండా. చుట్టూ చూసి ఆ దొరను చూసి చిన్నగా నవ్వింది, ఆయన సిగ్గుపడకూడదని. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలు మసకకళ్ళతో వడికిన ఆఖరి నూలు. కెటిలులో గంజి కాయడానికి నేను సిగ్గుపడినందుకు అది బల్లెక్కింది.

"క్షమించండి," అన్నాను మైకులో. "ఆవిడ సూపు సంగతి చెప్పలేదు." అని జరిగిందంతా చెప్పాను, రెండు టిక్కులతో సహా. నేను కట్టుకున్నది హోటలు వారి టేబుల్ క్లాతని, వెనక్కి తిరిగి కిరీటం కూడా చూపించాను. దాచి లాభమేముంది?

ఎక్కడో ఒక మూల నవ్వు పుట్టింది. బల్లబల్లకీ పాకింది. అత్త మాత్రం నవ్వలేదు.

"ఆల్లకి సెప్పు," అంది. "సెంచాలు దించి, సేత్తో ముట్టుకోమను."

చెప్పాను. పెద్దలందరూ పళ్ళేలు ఎత్తి పక్కన పెట్టారు. బల్ల పొడుగునా చేతులు ఆ గుడ్డ మీదికి వచ్చాయి. రెండు వేళ్ళ మధ్య పెట్టి నలపడం అత్త చూపించింది, వాళ్ళూ అలాగే నలిపారు. హెల్గా కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు వడ్డనలు చూసే పెద్దాయన ముందుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, పాలిపోయి ఉన్నాడు.

"తప్పు నాది," అన్నాడు. "లాండ్రీ నుంచి వచ్చిన గుడ్డల్లో ఇది దొరికింది. మా దగ్గర ఇలాంటిది ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కాని చేత్తో పట్టుకుంటే ఈ హోటల్లో ఉన్న గుడ్డలన్నిటిలోకీ ఇదే మంచిదనిపించింది. అందుకే పెద్దల బల్లకు పరిచాను."

తెలుగులో చెప్పాను. అత్త ఆయన మొహం వంక చూసింది. తర్వాత పై నుంచి కింద దాకా నన్ను చూసింది.

"ఆయనకి తెలిసినాది," అంది. "సీకాకులంలో పుట్టి, నా సేతి పంచెలు కట్టి పెరిగి, నీకు తెలీలేదు కదరా!"

ఈ ముక్క ఇంగ్లీషులోకి మార్చమని హెల్గా పట్టుబట్టింది. మార్చాను. ఈసారి అత్త కూడా నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఆ రాత్రి విందులో ఎక్కువమంది మెచ్చుకున్న మాట అదేనట.

పంచె ఇప్పుడు ఆ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. మరక తీయిస్తామని వాళ్ళన్నారు. అత్త ఒప్పుకోలేదు. "ఉండనీ, తిన్నింటి గురుతు," అంది. ఆ తర్వాత కళ్ళకు ఆపరేషను అయింది, చూపు బాగుపడింది. అయినా అంత సన్నం మళ్ళీ వడకలేదు. అప్పుడప్పుడూ నాకు అది గుర్తొచ్చి బాధేస్తుంది. ఆవిడకు మాత్రం ఆ విందు గుర్తొస్తే ఎంతో సంతోషం.

మరి హోటలు వాళ్ళ టేబుల్ క్లాతు? మేనేజరు గారు దాన్ని మడిచి, రిబ్బను కట్టి అత్తకు కానుకగా ఇచ్చాడు. మొన్న వేసవిలో పొందూరు వెళితే కనిపించింది. డాబా మీద పరిచి ఉంది. కిరీటం చుట్టూ వరసగా గుమ్మడి వడియాలు.

"ఎలాగున్నాదత్తా?" అన్నాను.

అత్త అంచు నలిపి చూసింది. "మిల్లుదేగాని, వడియాలకి బాగున్నాదిరా. నువ్వు కట్టుకున్నప్పటికన్నా బాగున్నాది."

కాబట్టి సభాముఖంగా, పెద్దల సమక్షంలో, గుమ్మడి వడియాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలో ఏ రాజుగారి మేడలో దిగినా సరే, నా పంచె నేనే ఉతుక్కుంటాను. కెటిలులోనే గంజి కాస్తాను. కిటికీ మీదే ఆరేస్తాను. ఎవరైనా వచ్చి ఏమిటిదని అడిగితే, పంచె అని చెబుతాను.