అల్మారా వెనక దాచిన సమస్య

ఐటీ ఊపు మీదున్న ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎంసీఏ పిల్లల ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరికేవి. షర్టు కొన్నంత తేలిగ్గా సాఫ్ట్‌వేర్ కొనుక్కుని, రిపోర్టు టైపు చేయించడానికి పక్కనే ఉన్న నా డీటీపీ సెంటర్‌కు వచ్చేవారు. నేను ఇంటర్ దాటలేదు. కానీ పంజగుట్ట లైబ్రరీలో పరిశోధనా పద్ధతుల పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివినవాణ్ణి. అందుకే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్, అంటే ఈ ప్రాజెక్టు ఏ సమస్య తీర్చడానికో చెప్పే పేజీ, నన్ను అడిగి రాసుకునేవారు.

ఒకరోజు ఒక కుర్రాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. అతను కొన్నది లైబ్రరీ సాఫ్ట్‌వేర్. కాలేజీలో ప్రాజెక్టు గైడ్ ఆ పేజీని అడ్డంగా కొట్టేశాడట. శుక్రవారంలోగా సరిచేసి సంతకం పెట్టించుకోకపోతే ఏడాది పోతుంది.

"ఈ సమస్య ఎవరిది, ఏడ చూసినవ్ అని అడుగుతుండన్నా సారు. నేనేడ చూసిన? సీడీల వచ్చింది."

"అసలు లైబ్రరీకి ఎప్పుడైనా వెళ్లావా?"

"ఎందుకన్నా, సాఫ్ట్‌వేర్ ఉన్నది గద!"

సమస్య ముందు, పరిష్కారం తర్వాత అని నేను చదివిన పుస్తకంలో ఉంది. షట్టర్ దించి, సమస్యను వెతకడానికి అతన్ని పంజగుట్ట తీసుకెళ్లాను.

లైబ్రేరియన్ మేడమ్ నొచ్చుకుంది. "మా దగ్గర సమస్యలేంటండీ? రోజూ వస్తారు, మీకు తెలీదా?"

"జర చూడుండ్రి మేడమ్," కుర్రాడు బతిమాలాడు. "చిన్నదైనా పర్లేదు."

"ఏదో ఒక పుస్తకం అడుగు బాబూ. కేటలాగ్‌లో ఉంటే ర్యాక్‌లో ఉంటుంది."

అతను సర్వీస్ కమిషన్ పరీక్షల పుస్తకం అడిగాడు. కేటలాగ్‌లో ఉంది. ర్యాక్‌లో లేదు. ముగ్గురం వెతగ్గా వెతగ్గా వంటల పుస్తకాల వెనక దొరికింది. బల్ల దగ్గర చదువుకుంటున్న ఒకాయన తలెత్తాడు.

"అన్నా, దాన్ని ఆడనే పెట్టు. రేపు పొద్దుగాల నాకు కావాలె."

మేడమ్ మొహం ఎర్రబడింది. కుర్రాడు మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మస్తు సాయం చేసినవన్నా!"

అక్కడే కూర్చుని రాయించాను: "పుస్తకం ఉందని కేటలాగ్ చెబుతుంది. పాఠకుడికి మాత్రం దొరకదు. కారణం, రేపు తనకే కావాలని మరో పాఠకుడు దాన్ని వేరే అల్మారాలో దాచడం."

శుక్రవారం గైడ్ చదివి, "మరి నీ సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకుంటుందా?" అని అడిగాడట.

"లేదు సార్. అది సుత ఉన్నదనే చెప్తది."

"ఆ ముక్క కూడా రాయి," అని సంతకం పెట్టాడట. కుర్రాడు గెంతుకుంటూ వచ్చి నాకు చెప్పాడు. ప్రాజెక్టు అమ్మిన షాపులో కూడా చెప్పాడు.

తర్వాతి వారం ఇంకో అబ్బాయి ఆస్పత్రి ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ అప్పటికే సిద్ధంగా ఉంది: "బెడ్ ఉందని కంప్యూటర్ చెబుతుంది. రోగికి మాత్రం దొరకదు. కారణం, రేపు తనకే కావాలని మరో రోగి దాన్ని వేరే అల్మారాలో దాచడం."

"ఇది ఎక్కడ చూశావు తమ్ముడూ?"

"చూడలేదండీ, ప్రాజెక్టుతో పాటే ఇచ్చారు. సంతకం గ్యారంటీ అన్నారు."

బేగంపేటలో ఏ ఆస్పత్రి వాళ్లు మమ్మల్ని లోపలికి రానిస్తారా అని ఆలోచిస్తూ, మళ్లీ షట్టర్ దించాను.