ఆమేన్ దాకా వేలు నిలవాలి

చిల్లకల్లు నర్సరీలో పదహారేళ్లుగా మొక్కలు పెంచుతున్న జయమణికి మట్టి వేడి చూసే పద్ధతి ఒకటుంది. చూపుడువేలు మడిలోకి రెండు కణుపులు దించి, పరలోక ప్రార్థన చెప్పుకుంటుంది. ఆమేన్ దాకా వేలు నిలిస్తే వేరుకు భయం లేనట్టే.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం సగం ప్రార్థనకే వేలు లాగేసుకుంది.

ఆమె జ్వరంతో వారం పడుకుంటే, చలికాలంలో విత్తనాలకు వెచ్చదనం కోసం పరిచే తెల్లగుడ్డను, మేస్త్రీ డేవిడ్‌రాజు ఎండకు అడ్డమని పది మడుల మీదా కప్పి అంచులు మట్టితో బిగించాడు. గింజలు నానబెట్టి, రుద్ది, నెల్లాళ్లు కాచుకుని ఆమె మొలిపించిన ఎర్రచందనం మొలకలు లోపల ఉడికిపోతున్నాయి. ఆమె గుడ్డ పట్టి లాగింది.

"చెయ్యేశావంటే విరగ్గొడతా!" డేవిడ్‌రాజు ఉరికొచ్చాడు.

"విరగ్గొట్టన్నా. ఇది నీడ కాదు, ఇడ్లీ పాత్ర మూత. పచ్చ వల మనిషెత్తున కడితే గాలాడి మట్టి చల్లబడుద్ది. నేలకి కప్పితే ఉడుకుద్ది."

"వచ్చిందండీ సైంటిస్టమ్మ!"

వెదురు గుంజ పీకి కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోదానికి అడ్డుపెట్టిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఫట్‌మంది. ఆమె మోకాళ్ల మీద కూలి, ఎడమచేత్తో, పళ్లతో గుడ్డ చీల్చింది. మూడో దెబ్బకు కనుబొమ చిట్లి తెల్లగుడ్డ ఎర్రబడింది. జుట్టు పట్టి ఈడ్వబోయిన అతని చేతిని ఎడమచేత్తోనే ఒడిసిపట్టి, ఒళ్లు బరువంతా వేసి మట్టిలోకి కుక్కింది.

"నువ్వూ విశ్వాసివేగా! ప్రార్థన చెప్పన్నా!"

రెండు మాటలకే కేకపెట్టి చెయ్యి లాక్కున్నాడు. ఎర్రబడిన వేళ్లు చూసుకున్నాడు. తలలు వాల్చిన మొలకలు చూశాడు. గుంజ పారేసి, తనే మిగతా గుడ్డలు పెరకడం మొదలుపెట్టాడు.

నర్సరీ యజమాని హఫీజున్నీసా పరుగున వచ్చి, తలమీది ఓణీ చింపి జయమణికి కట్టు కట్టింది. "వీడికి ఇవాళ్టితో పని ఆఖరు! పోలీసుల్ని పిలుస్తా!"

"ముందు వల కట్టించండమ్మా. నా చెయ్యి లేవట్లేదు. రాట ఎక్కేది అన్నొక్కడే. తరవాత మీ ఇష్టం."

డేవిడ్‌రాజు రాట రాటా ఎక్కి పచ్చ వల కట్టాడు, మడులు తడిపాడు. జయమణికి నీళ్లు తాగించిన హఫీజున్నీసా, అతని వైపు చూడకుండానే ఇంకో గ్లాసు రాట మొదట్లో పెట్టింది.

జగ్గయ్యపేట ఆసుపత్రికి ఆటో వచ్చేసరికి గంట దాటింది. మూడు మడులు అప్పటికే మాడిపోయాయి. జయమణి నాలుగో మడి దగ్గర వంగి ఎడమచేతి వేలు దించింది. రాట పక్కన డేవిడ్‌రాజు ఆ వేలినే చూస్తున్నాడు.

ఆమేన్ అన్నాకే ఆమె ఆటో ఎక్కింది.