అద్దాల బీరువాలో పేజీల చప్పుడు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి నేను తాగలేదు. కునుకు కూడా తీయలేదు.

వైజాగ్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర నాకూ అప్పలరాజుకూ కలిపి చిన్న బొమ్మల పుస్తకాల కొట్టుంది. వాణ్ని బావా అంటాను, వాడూ నన్ను అలాగే అంటాడు. చుట్టం కాదు, చిన్నప్పటి నేస్తం. కొట్టు సంగతి ఏం చెప్పమంటారు! పిల్లలు వస్తారు, నిలబడే కథంతా చదివేసి పోతారు. తల్లులు వచ్చి, పదో తరగతి గైడ్లున్నాయా అంటారు. దానికి తోడు ఉప్పుగాలి. ఆరు నెలలకే పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీలు ఊడి చేతికొస్తాయి. ఆ పిన్నులు పీకి దారంతో కుట్టడం మాకు రోజూ ఉండే పని.

అయినా కొట్టు నిలబడిందంటే వెనక గోడకున్న అద్దాల బీరువా వల్లే. అందులో నలభై పాత పుస్తకాలు. మా నాన్నవి. ఉక్కునగరం క్వార్టర్లో ఉన్నప్పుడు స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి వస్తూ నాకోసం తెచ్చేవాడు. కానీ ముందు తనే చదివేవాడు. నాలుకతో వేలు తడిపి పేజీ తిప్పేవాడు... చప్. సర్ర్. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ పుస్తకాలు మేం అమ్మం. చూడ్డానికి జనం వస్తారు, వచ్చినవాళ్లు ఇంకేదో ఒకటి కొంటారు.

వానలకు ముందు వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, కొవ్వొత్తి మంట మీద అంచులు అతికించేస్తాం. మళ్లీ వానలు తగ్గేదాకా విప్పకూడదు, చెమ్మ దూరుతుంది. ఆ కట్టుబాటు పెట్టింది బావే. ఈసారి అతికించిందీ బావే. "నువ్వెళ్లి పడుకో బావా, నాను సూసుకుంటాను" అన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను, వెర్రివెధవని!

ఆ రోజు పొద్దుగూకిన దగ్గర్నుంచీ ఒకటే వాన. తొమ్మిదింటికి కరెంటు పోయింది. షట్టరు సగం దించి టార్చి వెలుగులో పుస్తకం కుడుతున్నాను. హార్బర్లో ఓడ ఒకటి కూసి ఆగింది. ఆ తర్వాత...

చప్.

సర్ర్...

చేతిలో సూది ఆగిపోయింది. ఎలుకేమో అనుకున్నాను. మళ్లీ... చప్. సర్ర్... మధ్యలో మనిషి ఒక పేజీ చదివేంత సేపు నిశ్శబ్దం. సరిగ్గా అంతసేపే. మళ్లీ చప్.

బీరువాలోంచి వస్తోంది. తాళం వేసిన బీరువాలోంచి.

"ఎవులది?" అని కేకేశాను.

చప్పుడు ఆగిపోయింది.

పారిపోదామనే అనుకున్నాను. నాన్న పుస్తకాలు వదిలేసి ఎక్కడికి పోతాను? చివరికి ఎలాగో తాళం తీశాను. పై వరసలో మొదటి కవరు అంచు చించేశాను. కట్టుబాటు సంగతి అప్పుడెవడికి గుర్తుంటుంది?

పైన అట్ట కలర్ జెరాక్స్. లోపల పాత దినపత్రిక కాగితాలు, పుస్తకం కొలతకు కత్తిరించినవి. రెండో కవరు చించాను. కాగితాలే. మూడోదీ అంతే. నలభైకి నలభై!

భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్లు మండిపోయింది. బావకు ఫోన్ చేశాను.

"బావా, మా నాయిన పుస్తకాలేవి?"

"కవర్లు ఇప్పీసినావేటి?" అన్నాడు.

"ఏవిరా అంటే!"

"ఆన్‌లైన్లో ఒకాయనకి అమ్మీసినాను. బేరాల్లేని కొట్టు, ఎప్పుడో ఎలాగూ మూసీడమే గదా బావా. నా దారి నాను సూసుకోవాల. నీకు సెప్తే ఒప్పుకుంటావేటి?"

"అవి మా నాయినవిరా!"

"నాయిన పోనాడు గదేటి..."

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! ముప్పై ఏళ్లు మా ఇంట్లో మా అమ్మ చేతి అన్నం తిన్నవాడు. మా నాన్న శవపెట్టె మోసినవాడు. "ఇప్పుడెక్కడున్నావు?" అని అడిగాను. ఊరికి అటు చివర, పెందుర్తిలో ఇంట్లోనే ఉన్నానన్నాడు. వెనకాల వాళ్లావిడ మాట కూడా వినబడింది.

ఫోన్ పెట్టేసి టార్చి కిందకు తిప్పాను. మొదటి కవరులోని కాగితాలు... కింది మూల, బొటనవేలంత తడి. తిప్పాను. రెండో కాగితానికీ అక్కడే. మూడో దానికీ. అలా ఎనిమిదింటికి. తొమ్మిదో కాగితం పొడిగా ఉంది. నేను కేకేసిన చోటే ఆగినట్టు.

మిగతా కవర్లన్నీ వెతికాను. ఎక్కడా తడి లేదు. బీరువా పైకప్పు తడిమాను, పొడిగానే ఉంది.

చెమ్మే అంటారు మీరు. కావచ్చు. చెమ్మ అలా వరసగా, ఒకే మూలకు పడుతుందా? నాకు తెలియదు. వచ్చింది నాన్నేనా? అదీ తెలియదు. ఒకవేళ నాన్నే అయితే... తన పుస్తకం అనుకుని ఆ చిత్తుకాగితాలు తిప్పుతూ కూర్చున్నాడా, చీకట్లో? ఆ మాట తలుచుకుంటే నాకు భయం వేయదు, ఏడుపొస్తుంది.

నన్ను మోసం చేశావు, సరే బావా. ఆయన్ని కూడానా?