వదిన కుళ్లుకున్న వారం

మా వదిన పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాలేజీ హాల్లో గోడకు నా బొమ్మలు అంటించుకుంటున్నాను. ఆ రోజు మాకు జ్యూరీ. అంటే మేం చేసిన డిజైన్ ప్రాజెక్టులను లెక్చరర్లు, బయటి నుంచి వచ్చిన పెద్దలు వరసగా చూసి మార్కులు వేసే రోజు. గుంటూరు ఆసుపత్రిలో తన జ్వరం తగ్గుముఖం పట్టిందనే అందరం అనుకుంటున్నాం. ముందురోజు సాయంత్రం కూడా మెసేజ్ పెట్టింది: "జ్యూరీలో నోరు తెరిచి మాట్లాడవే, గొణగమాక." పోయిన ఏడాది వరకూ తనూ ఆ కాలేజీ విద్యార్థినే. కబురు తెలియగానే లెక్చరర్లు జ్యూరీ వాయిదా వేసి బయటికి వెళ్లిపోయారు. నా గోడ దాకా ఎవరూ రాలేదు. నర్సరావుపేట బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే, చివరికి నా జ్యూరీని కూడా ఈ వదినే ఎగరేసుకుపోయింది అనుకున్నాను.

ఇది చదివి నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోవచ్చు. కాలేజీ వాళ్లు ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. మంచి మాటలు ఎవరైనా రాస్తారు. ఆమె మీద నాకున్నంత అసూయ మాత్రం ఇంకెవరికీ లేదు. అందుకే ఆమెను నా అంత శ్రద్ధగా చూసినవాళ్లు కూడా ఎవరూ లేరని నమ్మకంగా చెప్పగలను.

వదినంటే అన్న భార్య కాదు. మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్దది. అత్తను ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క వీధే. బొమ్మ వేసేటప్పుడు తను పెన్సిలు జడలో దోపుకుని, అదెక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతికేది. బ్రష్షు మా నాన్న టీ గ్లాసులో కడిగేది. నేనేదైనా గీసి చూపిస్తే ఒక కన్ను మూసి, తల వాల్చి, చాలాసేపు చూసేది. బాగాలేదని ఎప్పుడూ అనలేదు, బాగుందనీ అనేది కాదు. "చూసేవాడు యాడ నిలబడతాడే?" అని మాత్రం అడిగేది. ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది.

నేను కాలేజీలో చేరినప్పుడు మొదటి ప్రాజెక్టుకి ఎవరి ఊరి నుంచి వాళ్లు ఏదో ఒకటి తీసుకుని డిజైన్ చేయమన్నారు. నేను ఎర్ర మిరపకాయలు వేశాను. మా వైపు నుంచి వచ్చిన ప్రతి పిల్లా మిరపకాయే వేస్తుందట. మేడమ్ నవ్వి, పోయినేడు మీ వదిన చేసింది చూశావా అని ఒక గుడ్డ తీసి పరిచారు. మిరపకాయలు తొక్కి నింపిన గోతాల్ని మా దగ్గర టిక్కీలంటారు. ఆ టిక్కీ మూతిని దబ్బనంతో, పురికొసతో కుట్టే వంకర కుట్టు ఉంటుంది కదా, ఆ కుట్టునే తెల్ల గుడ్డ మీద చీర అంచులా నడిపించింది. మిరపకాయ ఒక్కటి కూడా లేదు. అయినా చూస్తుంటే ముక్కులో ఘాటు తగిలింది. మిరపకాయలు ఎండబోసి టిక్కీలు కుట్టే ఆ కళ్లం మాదే. ఆ టిక్కీల మీద ఎక్కి ఆడుకున్నది మేమిద్దరమే. నా కళ్లకేం రోగమొచ్చిందో అనుకుంటూ ఆ రాత్రి హాస్టల్లో అన్నం మానేశాను.

తర్వాత మాచర్ల బస్టాండుకి బోర్డులు చేశాను. చదువు రానివాళ్లు కూడా ఏ బస్సు ఎక్కడికో పోల్చుకునేలా సాగర్ బస్సుకి నీళ్లు, పల్నాటి కథలోని కోడిపందేనికి గుర్తుగా కారంపూడి బస్సుకి కోడిపుంజు, ఇలా ఒక్కో ఊరికి ఒక్కో గుర్తు. దాని మీద నాకు చాలా ఆశ ఉండేది. నమూనా బోర్డు పట్టుకుని మాచర్ల పోతుంటే తనూ నాతో వచ్చింది. నేను గోడకు ఎత్తుగా తగిలించాను. తను స్తంభం పక్కన ముసలమ్మలు మూటలు పెట్టుకుని కూర్చున్న చోటికి పోయి, వాళ్ల మధ్యలో చతికిలబడింది.

"ఇట్టారా" అని పిలిచింది. "ఈడ కూర్చుని చూడు. కోడి కనబడతందా?"

కూర్చుని చూశాను. మధ్యాహ్నపు ఎండకి నున్నటి బోర్డంతా తళతళలాడుతోంది. కోడీ లేదు, నీళ్లూ లేవు. పక్కన ముసలమ్మ, "ఏందమ్మా అది, అద్దమా?" అంది. వదిన నవ్వకుండా పెదవులు బిగబట్టింది. అందుకు తనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. బోర్డు కిందికి దించి, మెరుపు లేని రంగు వేసి ఇచ్చాను. ఆ సెమిస్టరులో క్లాసులో మొదటి మార్కు నాదే. మార్కు నాది, కన్ను తనది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు తను. చెప్పి ఉంటే కనీసం పోట్లాడుకోవడానికైనా ఉండేది.

చదువైపోయాక వదిన చిలకలూరిపేటలో ఒక బట్టల వ్యాపారికి ఇంటి నుంచే డిజైన్లు వేసి పంపేది. ఈ శీతాకాలం సెలవులకి నేనూ ఊళ్లోనే ఉన్నాను. శివరాత్రికి మా ఊరి నుంచి కోటప్పకొండకి ప్రభ వెళుతుంది. వెదుళ్లు, సరుగుడు కర్రలతో మేడల కంటే ఎత్తున కట్టి, ముందు వైపంతా రంగుల దీపాలతో బొమ్మ తీర్చి, ట్రాక్టరు ట్రక్కు మీద నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని నడిపించుకుంటూ పోతారు. పక్క ఊరి ప్రభ కంటే మనది దిగదుడుపు కాకూడదు. మా ఊళ్లో పరువంటే అదే. ప్రతి ఏడూ నెమలో, ఏనుగో పెట్టి విసుగొచ్చి, ఈసారి చదువుకున్న పిల్లలిద్దరూ బొమ్మలు గీసియ్యండన్నాడు బాబాయ్. ఆ పెత్తనమంతా ఆయనదే.

వదిన కొండ గీసింది. మూడు శిఖరాలూ, వాటిని చుట్టుకుని పైకి పోయే గీతలూ, అంతే. నేను పగులుతున్న పత్తికాయ గీశాను. నడిమధ్య నుంచి తెల్ల దీపాలు ఒక్కో రెబ్బా విచ్చుకుంటూ పైదాకా పోతాయి. రెండు కాగితాలూ బడి అరుగు మీద పరిచారు. పెద్దవాళ్లంతా చుట్టూ చేరారు. వదిన గీతలు ఏందో అర్థం కావట్లేదన్నారు. పత్తికాయైతే పసిపిల్లలకి కూడా తెలుస్తదన్నారు. నాది ఒప్పుకున్నారు.

నా జన్మలో మొదటిసారి తన మీద గెలిచాను. ఆ తర్వాత వారం రోజులు వదిన నాతో మాట్లాడలేదు. వాటర్ ప్లాంట్ దగ్గర క్యాను పట్టుకుని ఎదురైతే మొహం తిప్పుకుంది. మా ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడి, నా గది వైపు చూడకుండా వెళ్లిపోయింది. అమ్మ బాధపడింది. నేను మాత్రం లోపల గంతులేశాను. నా బొమ్మ చూసి మా వదిన కుళ్లుకుంటోంది. ఏ జ్యూరీ ఇవ్వగలదు ఆ మార్కు?

వారమయ్యాక తనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీ పత్తికాయ బాగుందే. ఆ ఆలోచన నాకు రాలా. అందుకే ఒళ్లు మండింది."

"టీ తాగుతావా?" అన్నాను.

"కుళ్లు తగ్గనియ్, తాగుతా" అంది. అంటూనే కూర్చుని రెండు గ్లాసులు తాగింది. బాగుందని తను నాతో అన్నది ఆ ఒక్కసారే. నెల తిరక్కుండా జ్వరం వచ్చింది.

దినం అయిన మర్నాడు అత్త వాళ్లింట్లో అందరం కూర్చుని ఉన్నాం. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఈ ఏడు మీ వదిన గీసిన బొమ్మ కడదామంటన్నారు ఊరంతా. పైన తన ఫొటో, కింద జోహార్ అని ఫ్లెక్సీ. నువ్వేమంటావ్?"

"మొన్ననేగా బాబాయ్ ఏందో అర్థం కాలేదన్నారు?"

"ఇప్పుడు అర్థంతో పనేందమ్మా? పిల్ల పోయిందిగా."

అందరూ నా వైపే చూస్తున్నారు. కళ్లు తుడుచుకుని సరే అంటానని వాళ్ల నమ్మకం. ఫ్లెక్సీ అక్షరాలంటేనే తనకి పడేది కాదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నన్ను ఆపింది అది కాదు. తన చేత ఒప్పించుకున్న ఒకే ఒక్క బొమ్మ అది. అది దించేస్తే ఆ వారం జరిగిందని చెప్పడానికి నాకింకేం మిగలదు. పోయినదాని మీద కూడా ఇంత కుళ్లా అని సిగ్గేసింది.

మూలన గోడకానుకుని ఉన్న అత్త మాట్లాడింది.

"దాని బొమ్మ కట్టమాకండిరా. ఈ ఇంట్లోవాళ్లం ఏడాది దాకా కొండెక్కకూడదు, తిరునాళ్లకి రాకూడదు. నేను చూడకుండా దాని బొమ్మ ఊరంతా చూస్తే నాకేం వస్తది? వచ్చే ఏడు కట్టండి. అప్పుడు నేనూ వచ్చి నిలబడి చూస్తా."

తర్వాత నా వైపు తిరిగింది. "ఈ ఏడు నీదే పోనీ. వచ్చే ఏడు దానిది నువ్వే దగ్గరుండి కట్టియ్యాల. అదేం గీసిందో వీళ్లకి తెలవదు, నీకే తెలుసు."

అత్త అన్నది నిజం. నాకు తెలుసు. ఆ గీతలు శిఖరాల చుట్టూ ఎందుకలా తిరిగాయో బడి అరుగు మీద చూసిన క్షణంలోనే తెలిసింది. కింద నడుస్తున్న జనం తలలెత్తి చూస్తే కొండ తమతో పాటు కదులుతున్నట్టుంటుంది. వచ్చే ఏడు ప్రభ నాదాని కంటే బాగుంటుంది. దానికి దీపాలు ఎక్కడెక్కడ పెట్టాలో నా చేత్తో నేనే గుర్తులు పెట్టాలి. ఇప్పటినుంచే కుళ్లుగా ఉంది. ఇంత మంచి పని నా చేతిలో పెట్టి పోయినందుకు తనకి దణ్ణం పెట్టుకోవాలని కూడా ఉంది.

మొన్న పొద్దుగూకే వేళ ప్రభ బయల్దేరింది. జనరేటరు మోగగానే పత్తికాయ వెలిగింది. ఊరంతా కేకలు. పక్క ఊరివాళ్లు కూడా ఆగి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. బాబాయ్ నా భుజం తట్టాడు. అందరూ బాగుందనేవాళ్లే. నా బొమ్మ చూసి ఒళ్లు మండేంతగా చూడగలిగిన మనిషి ఆ జనంలో ఒక్కరూ లేరు.

అత్త వాళ్ల వీధిలోకి రాగానే బాబాయ్ చెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయాయి. మిగతా ఇళ్ల ముందులా కొబ్బరికాయ లేదు, హారతి లేదు. మోకులు పట్టుకున్నవాళ్ల అడుగుల చప్పుడే వినబడుతోంది. వాళ్ల వాకిలి చీకటిగా ఉంది, తలుపు మూసి ఉంది. నా పత్తికాయ ఆ తలుపు మీద రెబ్బ తర్వాత రెబ్బగా తెల్లగా విచ్చుకుంది, ముడుచుకుంది, మళ్లీ విచ్చుకుంది. ట్రాక్టరు కదిలేకొద్దీ ఆ వెలుగు తలుపు మీంచి గోడ మీదికి, గోడ మీంచి పక్కింటి వాళ్ల అరుగు మీదికి జరిగిపోయింది.