చివరి షికారు మీద విచారణ

కోర్టులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను సందు లాయరే. సేవాసంస్థల మీద ప్రభుత్వం విచారణకు దిగిందంటే వాళ్ళు మొదట తట్టేది అతని ఇంటి తలుపే. ఎదుటివాళ్ళు ఎంత బిగించి రాసినా ఆ రాతలో చీమ దూరేంత సందు అతని కంటికి ఎక్కడో ఒకచోట చిక్కేది. ఆ సందులోంచి అనాథ పిల్లల బడులనూ, అంధుల హాస్టళ్ళనూ, ఒకసారి సర్కసువాళ్ళు వదిలేసిపోయిన ముసలి ఏనుగునూ బయటికి లాక్కొచ్చాడని చెప్పుకునేవారు. ఏనుగు ముక్క కాస్త అతికించినట్టున్నా మిగతాదంతా నిజమే.

"ఊరందరికీ దారి చూపిస్తారు. మీ కళ్ళజోడు మాత్రం రోజూ నేనే చూపించాలి" అనేది భార్య.

ఒకరోజు, ఊరంతా అక్క అని పిలిచే ఆవిడ వచ్చింది. పూర్వం నర్సు. మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీలో, మంచం దిగలేని వాళ్ళకు, వెనకా ముందూ ఎవరూ లేనివాళ్ళకు ఆశ్రయం నడుపుతోంది. వాన పడితే ఇప్పటికీ ఆ గోడలు సబ్బు వాసన కొడతాయి. ప్రభుత్వం పంపిన విచారణ నోటీసొకటి చేతిలో నలుగుతోంది.

"ఏదన్నా దాచాల్సింది ఉంటే చెప్పక్కా" అన్నాడు లాయరు.

"దాచడానికేముంది తమ్ముడూ! పోయినవాళ్ళను తిప్పాం."

"తిప్పడమేంటి? ఎక్కడికి?"

"వాళ్ళు అడిగిన చోటికి."

సంగతి ఇదీ. ఒక కంపెనీ ఆశ్రయానికి వ్యాను ఇచ్చింది, రోగులను ఆస్పత్రికి చేర్చడానికి మాత్రమే అని షరతు పెట్టింది. ఆశ్రయంలో ఉన్నవాళ్ళ ఎముకలు రోడ్డు గతుకులకు ఆగవు, షికారు వద్దన్నాడు డాక్టరు. వాళ్ళేమో ఒకరు రైల్వే స్టేషను చూడాలంటారు, ఒకరు తాము పనిచేసిన సినిమా హాలు చూడాలంటారు. "ఇప్పుడు కాదు, పోయాక తీసుకెళ్తాలే" అని అక్క మాటిచ్చేది. ఇచ్చిన మాట తప్పేది కాదు. శ్మశానానికి వెళ్ళే దారిలో వ్యాను అక్కడ ఆపించి, శవం పక్కన కూర్చుని, "ఇదిగో స్టేషను, గంట కొట్టారు, విన్నావా?" అని చెప్పేది. వ్యాను ఎక్కడెక్కడ ఆగుతోందో కంపెనీవాళ్ళు అందులో బిగించిన యంత్రం పట్టేసింది. రోగుల బండి సినిమా హాలు ముందు ఏం చేస్తోందని ఫిర్యాదు పెట్టారు.

లాయరు తల పట్టుకున్నాడు. "బతికున్నవాళ్ళను తిప్పినా ఏదో సర్దిచెప్పేవాణ్ణి. చచ్చినవాళ్ళను సినిమాకు తీసుకెళ్ళారని ఏ ముఖం పెట్టుకుని చెప్పనక్కా?"

"లోపలికి తీసుకెళ్ళలేదులే. టిక్కెట్టు ఎవడిస్తాడు?"

విచారణకు ముందు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెత్తీ నోరూ బాదుకున్నాడు. "రెండే ముక్కలు. పొరపాటైంది, మళ్ళీ జరగదు. అంతకుమించి నోరు తెరవొద్దు." అక్క బుద్ధిగా వల్లెవేసింది.

విచారణ చేసే అధికారి పడిశం పట్టిన అమ్మాయి, మర్యాదస్తురాలు. అక్క మొదటి ముక్క తడబడకుండా చెప్పింది.

"అయితే మళ్ళీ జరగదంటారా మేడమ్?"

అక్క లాయరు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. "దర్జీ ఒకడున్నాడమ్మా ఇంకా. అతనికి మాటిచ్చేశాను."

అధికారి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "నేనూ మనిషినే సార్. కానీ ఈ ఫైలు నా దగ్గర ఆగదు. నా పైవాళ్ళకు అనుమానం రాకుండా గట్టి హామీపత్రం రాసివ్వండి. లేదంటే లైసెన్సు రద్దవుతుంది, వీళ్ళందరినీ తలో చోటికీ పంపేస్తారు."

పంపితే దారిలోనే పోయేవాళ్ళు సగం మంది. అది లాయరుకూ తెలుసు. అందుకే, జీవితమంతా ఇతరుల రాతల్లో సందులు వెతికినవాడు, సందు లేకుండా రాయడమంటే ఏమిటో చూపిద్దామని కూర్చున్నాడు. ఆ వ్యానులోనే కాదు, మరే బండిలోనైనా, ఎవరి ఖర్చుతోనైనా, సంస్థ మనుషులు గానీ వాళ్ళ తరఫున లాయరు గానీ, శవాన్ని దగ్గరి దారిన శ్మశానానికి తప్ప ఎటూ తీసుకెళ్ళరు. తీసుకెళ్తే ఆశ్రయం ఆ రోజే మూత.

అధికారి చదివి, "ఇంత గట్టిగా నేను కూడా అడగలేదు సార్" అంది. అప్పుడు అతని ఛాతీ కొంచెం పొంగిన మాట నిజం.

కేసు కొట్టేశారు. ఆ కబురు చెప్పడానికి ఆశ్రయానికి వెళ్తే అక్క సరేనని తలూపి, ఎవరికో పక్క సర్దడానికి వెళ్ళిపోయింది. వ్యాను పట్టా కప్పుకుని మూల నిలబడి ఉంది. కిటికీ పక్క మంచం మీంచి దర్జీ పిలిచాడు.

"లాయరు బాబూ, నా కొట్టు సంగతి ఏం చేశారు?"

"ఏ కొట్టు?"

"బజార్లో నా కుట్టు కొట్టు. ఇప్పుడందులో ఫోన్లు అమ్ముతున్నారట. నా అద్దాల బీరువా ఉంచారో పీకేశారో చూడాలి. అక్క తీసుకెళ్తానంది."

"చూద్దాంలే పెద్దాయనా."

"చూద్దాంలే అన్న గిరాకీ ఎవడూ మళ్ళీ రాలేదు నాకు" అని నవ్వాడు దర్జీ. "ఆ కోటు ఇటివ్వండి. చంక కింద పిగిలింది. కోర్టులో చెయ్యెత్తితే జడ్జిగారికి బనీను కనిపిస్తుంది."

పడుకునే, వణికే వేళ్ళతో కుట్టిచ్చాడు. కుట్టు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

చలి ముదిరాక దర్జీ పోయాడు. మున్సిపాలిటీ శవాల బండి వచ్చింది. అక్క ఎక్కి పక్కన కూర్చుంది. లాయరు ముందు సీట్లో కూర్చుని, పొద్దుటి నుంచి చదువుతున్న హామీపత్రం నకలు మళ్ళీ తీశాడు. తిరగేసి చదివాడు, మధ్యలోంచి చదివాడు. చీమ కాదు, చీమ నీడ దూరే సందు కూడా వదల్లేదు తను.

డ్రైవరు తాళం తిప్పుతూ అడిగాడు. "ఎటు పోనివ్వమంటారు సార్? బజారు మీదుగానా, బైపాసు మీదుగానా?"

"ఏది దగ్గర?"

"బైపాసే. బజారైతే ఒక్క మలుపు ఎక్కువ, అంతే. ఈ బండికీ యంత్రముంది గానీ ఎవడు చూస్తాడు సార్?"

వెనక నుంచి అక్క చూపు మెడ మీద తగులుతూనే ఉంది. ఆశ్రయం కిటికీల్లో, తలలెత్తగలిగినవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. వాళ్ళందరి మంచాలూ ఆ ఒక్క మలుపు మీద ఉన్నాయి.

"బైపాసు" అన్నాడు లాయరు.

రెండు పక్కలా లారీలు, సిమెంటు గోడలు. చాలాసేపటికి అక్క గొంతు వినిపించింది. "ఇదిగోనయ్యా, బజారు వచ్చింది. నీ కొట్టు తలుపులు తీసే ఉన్నాయి. నీ అద్దాల బీరువా..."

అక్కడ ఆగిపోయింది. పోయినవాళ్ళతో ఆమె అంతవరకూ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.