చచ్చినవాడి చొక్కా

మా బావకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. ప్యాంటు పొట్టిగా కుట్టి, తొడుక్కునేవాడే ఈలోగా పొడుగు పెరిగాడని దబాయించే రకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన టైలరు. నేను ఆయన కొట్లో కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. అక్కనిచ్చిన పాపానికి మాటలు కూడా పడతాను.

వీధిలో అందరూ ఆయన్ని మాస్టర్ అంటారు. ఆ పిలుపు కుట్టుపని వల్ల వచ్చింది కానీ అసలు గౌరవం టీవీ తెచ్చిపెట్టింది. ఆదివారం సాయంత్రం వచ్చే నేరాల సీరియల్‌ను వీధిలో సగం మంది మా కొట్లోనే చూస్తారు. ట్రయల్ రూం తెరకు పైన గోడకు బిగించిన టీవీ అది. ఒక్కో కేసు రెండు వారాలు నడుస్తుంది. మొదటి వారం హత్య, రెండో వారం హంతకుడు. మొదటి వారం ఆట కట్టేయగానే పక్క సెలూన్ యజమాని, ఎదురు క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మ ఇద్దరూ మా బావ వైపు తిరుగుతారు. ఆయన మెడలో టేపు సర్దుకుని, కళ్లు సగం మూసి, వంటవాడనో చిన్నకోడలనో సెలవిస్తాడు. పై వారం సరిగ్గా వాళ్లకే బేడీలు పడతాయి. మాస్టర్ పోలీసు కావాల్సిన మనిషని సెలూన్ యజమాని గీసిన ప్రతి గడ్డానికీ చెప్పాడు.

ఆ తెలివి గుట్టు నాకు తెలుసు. బావ కథ వినడు, బట్టలు చూస్తాడు. ఊరికే అనుమానం కోసం తెచ్చిన వేషగాళ్లకు అద్దె బట్టలు తొడిగి వెనక పిన్నులు పెట్టి బిగిస్తారు. హంతకుడి సంగతి వేరు. వాడు చివరిదాకా ఉండాలి, తప్పు ఒప్పుకుని ఏడ్చేటప్పుడు కెమెరా వాడి మీద మీదకి వస్తుంది, రక్తమో బురదో అంటితే మార్చడానికి అలాంటివే ఇంకో రెండు చొక్కాలు కావాలి. అందుకని వాడికి కొలతలు తీసి కుట్టక తప్పదు. ఎవడి చంక దగ్గర ముడత లేదో వాడే హంతకుడు. ఇదీ ఆయనగారి అపరాధ పరిశోధన. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకు తెలుసు కాబట్టి ప్రతి ఆదివారం నాకు టీ ఇప్పిస్తాడు.

ఈ గుట్టు తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. నా మేనకోడలు, బావకు ఒక్కగానొక్క కూతురు. కటింగ్ టేబుల్ కింద గుడ్డముక్కల మధ్య పెరిగిన పిల్ల. పక్కన కూర్చోబెట్టుకుని ఈ విద్య నేర్పింది ఆయనే. పెద్దయ్యాక ఆ పిల్ల ఇదే సీరియల్‌కు బట్టలు కుట్టే పనిలో చేరతానంది. కొట్టు నీదే కదా అని తండ్రి, నాలుగు ఊళ్లు చూడాలని కూతురు, మాటా మాటా పెరిగింది. అద్దె గుడ్డలకు పిన్నులు పెట్టే పనికి నా కత్తెర పట్టుకెళ్లకు అన్నాడాయన. ఆమె చేతిలో ఉన్న కత్తెరను టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె అక్కకు ఫోన్ చేసినప్పుడల్లా ఈయన దారం ఎక్కించని మిషన్‌ను గడగడా తొక్కుతాడు. ఆ కత్తెరకు మాత్రం వారం వారం నూనె పెడతాడు. దారం తెంపుకుందామని నేను దాని మీద చెయ్యి వేస్తే వేళ్లు కత్తిరిస్తానంటాడు. సీరియల్ చివర పనివాళ్ల పేర్లు, వాటి మధ్య ఆ పిల్ల పేరు పరుగెడుతుంటే టీవీ ఆపనివ్వడు. ఇంత ప్రేమ పెట్టుకుని అంత బింకం ఎందుకో నాకు అర్థం కాదు. చూస్తే ఒళ్లు మండుతుంది.

మొన్నటి కేసులో చచ్చింది ఒక లాయరు. గుమ్మం పట్టనంత మనిషి. అనుమానం ముగ్గురి మీద పడింది, మేనల్లుడు, డాక్టరు, గుమాస్తా. అంత మీసం పెట్టుకుని చంపకుండా ఎలా ఉంటాడని సెలూన్ యజమాని మేనల్లుణ్ణి పట్టుకున్నాడు. నర్సమ్మ డాక్టరు కాదని తేల్చేసింది. డాక్టర్లు చంపాలనుకుంటే కత్తులు పట్టుకుని అంత అవస్థ పడరట. రోజూ వాళ్లతో మసిలే మనిషి కాబట్టి ఎదురు చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు. గుమాస్తాను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు. తెల్లచొక్కా చేతులు వేళ్లను మింగేశాయి, భుజాలు ఎక్కడో కిందికి జారిపోయాయి. వాణ్ణి చూసి బావ పడీపడీ నవ్వాడు.

"చచ్చినవాడి చొక్కా తొడుక్కొచ్చినట్టున్నాడు, పాపం" అన్నాడు.

అంతలో డాక్టరు తెర మీదకి వచ్చాడు. బావ నవ్వు ఆగిపోయింది. ఆ కోటు భుజం మీద ఒక్క ముడత లేదు. కాలరు మెడను అంటిపెట్టుకుని ఉంది. బావ ఆ కోటును చాలాసేపు చూసి, డాక్టరే అన్నాడు. మెడలో టేపు సర్దుకోవడం కూడా మరిచిపోయాడు.

మూలన కూర్చుని అంచులు మడిచి కుట్టుకుంటున్న మా అక్క ఎప్పుడూ ఈ గోలలో తలదూర్చదు. ఆ రోజు సూది ఆపింది. "డాక్టరు కాకపోతే మీరే అమ్మాయికి ఫోన్ చెయ్యాలి. అందరి ముందూ. ముందు మాట మీదే కావాలి" అంది.

బావకు పౌరుషం పొడుచుకొచ్చింది. డాక్టరే అయితే ఇక ఆ పిల్ల ఊసు ఈ కొట్లో ఎత్తకూడదన్నాడు. అక్క సరేనంది. కొలిచి కుట్టిన కోటును చూసి పందెం కాస్తున్నాడాయన. అది పందెం ఎలా అవుతుంది? పచ్చి మోసం. అక్కకు చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. నేను తాగాను. నన్ను మీరు ఎన్నయినా అనండి, పడతాను.

ఆ వారమంతా వీధి రెండుగా చీలింది. బావ మాత్రం గెలుపు ఖాయమైన మనిషిలా లేడు. పెళ్లికొడుకు చొక్కా ఒకటి కత్తిరిస్తూ రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అలాంటి పని చేయలేదు. గెలుస్తానేమోనని భయపడే మనిషిని నేను అప్పుడే చూశాను.

ఆదివారం వచ్చింది. కొట్లో కాలు పెట్టే చోటు లేదు. తెర మీద ఇన్‌స్పెక్టరు లాయరు బీరువా తెరిచి చొక్కాలన్నీ మంచం మీద పరిచాడు. అన్నిటికీ ఎడమ భుజం కాస్త దించి కుట్టి ఉంది. కుర్రతనం నుంచీ ఫైళ్ల సంచి ఆ భుజానికే మోసి లాయరుకు అటు వాలిపోయిందట. తరువాత గుమాస్తాను పిలిచి నిటారుగా నిలబడమన్నాడు. వాడి తెల్లచొక్కాకూ ఎడమ భుజం కిందికే ఉంది. తన చొక్కా రక్తంలో తడిసిపోతే, బీరువాలోంచి చచ్చినవాడి చొక్కా తీసి తొడుక్కున్నాడు దుర్మార్గుడు.

ముందు సెలూన్ యజమానికి గుర్తొచ్చింది. ఆ మాట మాస్టరే అన్నాడు కదా, అని కూడా నవ్వేసి వదిలేశాడు కదా అన్నాడు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విన నాపచేనే పండుతుందని నేను పైకే అన్నాను. ఎన్నేళ్ల కసి అది.

బావ మాత్రం ఎవరి మాటా వినిపించుకోలేదు. ఆ భుజాన్నే చూస్తున్నాడు. కుట్టు రానివాళ్ల చేతిలో జారిన భుజం కాదది. కొలిచి, కావాలని, ఒక మనిషి కోసం దించిన భుజం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఈయన తల తన్నే మనిషి ఈయన ఇంట్లోనే పుట్టింది.

అక్క నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్‌ను టేబుల్ మీద కత్తెర పక్కన ఉంచింది. వెళ్లొస్తామని లేచినవాళ్లు కూడా ఒక్కరూ కదల్లేదు. అటునుంచి "అమ్మా" అని వినపడింది.

"నేను" అన్నాడు బావ.

బావ మెడలో టేపు సర్దుకున్నాడు.

"గుమాస్తా చొక్కా లాయరు కొలతలకే కుట్టావా?"

"అవును నాన్నా."

"ఆలోచన ఎవరిది?"

"నాదే. హంతకుడికి బట్టలు సరిపోకూడదని కథ రాసేవాళ్లకు నేనే చెప్పాను."

బావ మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. ఓడిపోయిన మనిషి మొహం కాదది. నా కూతురు అని చెప్పడానికి మాట రాని మొహం. మళ్లీ ఫోన్ వైపు వంగాడు.

"మరి ఏ పాపం ఎరగని ఆ డాక్టరుకు కోటు అంత బాగా ఎందుకు కుట్టావు?"

"నువ్వు చూస్తావని."

బావ కాలు అలవాటుగా మిషన్ మీదకి పోయింది. గడగడా తొక్కాడు. చప్పుడు రాలేదు. మిషన్ బెల్టు అక్క ఒళ్లో ఉంది, ఎప్పుడు విప్పేసిందో నాకు తెలియదు. ఇక దాక్కోవడానికి ఏ చప్పుడూ లేక ఆయన ముక్కు ఎగబీల్చడం మాకందరికీ, ఫోన్‌లో ఆ పిల్లకూ వినపడింది.

"నీ కత్తెర ఇక్కడే పడుంది. తుప్పు పట్టి చస్తోంది. వచ్చి పట్టుకెళ్లు" అన్నాడు చివరికి.

తుప్పట తుప్పు. దీపం వెలుగులో మిలమిలా మెరుస్తోంది అది ఆయన ముందే.